ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ కథలు రాయడం కుదురుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: మూడేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నారు, కథలు రాయాలని ఉంది, టైము దొరకడం లేదు. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు, మానేసి రాసుకోవడమే మేలా అని.

నేను సివిల్. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో పదిహేడేళ్లుగా స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెబుతున్నాను. ఇన్నేళ్లలో అచ్చయిన కథలు ఇరవై ఆరు. ఒక నవల రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో ఆ లెక్క చూసి మీరే నిర్ణయించుకోండి.

టైము సంగతి ముందు తేల్చేద్దాం. అసలు చిక్కు అక్కడ లేదని నా అభిప్రాయం. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన. మిగతాదంతా ఖాళీయేనని మా అత్తగారు చాలాకాలం నమ్మారు. సెలవు పెట్టినవాళ్ల బదులు సర్దుబాటు క్లాసులు, దిద్దాల్సిన రికార్డులు, అడ్మిషన్ల సీజన్లో ఇంటర్ పిల్లల ఇళ్లకి ఫోన్లు, కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వస్తున్నారంటే నెలంతా ఫైళ్లు. ఇవన్నీ మీకు చెప్పక్కర్లేదు. అకడమిక్ క్యాలెండర్ చేతికి రాగానే నేను మిడ్ పరీక్షల వారాలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, వాల్యుయేషన్ రోజులు ఎర్రపెన్నుతో కొట్టేస్తాను. ఆ రోజుల్లో రాయను, రాయలేదని బాధపడను కూడా. మిగిలిన వారాల్లో ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా నాది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రాసేవాళ్లున్నారని విన్నాను. నేను ఆ వేళకి లేస్తే మూడు క్యారేజీలు కట్టడానికే సరిపోతుంది.

అయితే నా కథల్లో సగం పుట్టింది ఆదివారాల్లో కాదు, ఇన్విజిలేషన్లో. సెమిస్టర్ పరీక్ష మూడు గంటలు. ఫోన్ బయట పెట్టాలి, పుస్తకం చదవకూడదు, కూర్చోకూడదు. బెంచీల మధ్య నడుస్తూ ఉండడమే పని. తోటివాళ్లందరికీ అదొక శిక్ష. నాకు మాత్రం ఎవరూ పిలవని మూడు గంటలు. ఒక పాత్ర చేత ఒక మాట అనిపించి, అది నోట్లో ఎలా తిరుగుతుందో చూసుకుంటూ మూడో వరస నుంచి నాలుగో వరసకి వెళ్తాను. రాసుకోవడానికి కాగితం ఉండదు. అడిషనల్ షీట్లకి ఒక్కోదానికీ లెక్క చెప్పాలి. ఒకసారి ఆగలేక అరచేతిలో రెండు ముక్కలు రాసుకున్నాను. ముందు బెంచీలో కుర్రాడు నా చెయ్యి వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అతను అలా చేసి ఉంటే మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేసేదాన్ని కదా.

ఇక అసలు చిక్కు. మన వృత్తిలో మంచి లెక్చరర్ అంటే ఎవరు? చెప్పబోయేది ముందే చెప్పి, విడమరిచి చెప్పి, చివర్లో ఏం చెప్పామో మళ్లీ చెప్పేవాళ్లు. ఆఖరి బెంచీ దాకా అందాలి. దానికి తోడు ప్రతి సబ్జెక్టుకీ కోర్స్ అవుట్‌కమ్స్ రాయాలి: ఈ కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి ఫలానాది లెక్కకట్టగలడు, ఫలానాది వివరించగలడు. ఏళ్ల తరబడి ఇదే రాస్తుంటే చెయ్యి దానికే అలవాటు పడిపోతుంది. నా తొలి కథలన్నిటికీ అవుట్‌కమ్ ఉండేది.

అందులో ఒకటి చెబుతాను. రిటైరైన ఓవర్సీయరు ఒకాయన, వయసులో ఉన్నప్పుడు తను కట్టించిన కల్వర్టుని కొత్త రోడ్డు కోసం పగలగొడుతుంటే చూడ్డానికి వస్తాడు. పొద్దెక్కాక జేసీబీ డ్రైవరుకి టీ తెప్పిస్తాడు. అక్కడితో ఆగాలి. నేను ఆగలేదు. ఆయన మనసులో ఏముందో, కట్టడాలు ఎలా పోతాయో, మనుషులు ఎలా మిగులుతారో ఇంకో పేరా దంచాను. ఆదివారం అనుబంధంలో ఆ కథ వచ్చింది, ఆ పేరా లేకుండా. నన్ను అడగనైనా లేదు. రెండు రోజులు ఒళ్లు మండిపోయింది. ఆ వారం ఫోన్ చేసిన పాఠకులు ముగ్గురు. ముగ్గురూ ఆ టీ గురించే మాట్లాడారు.

అప్పట్నుంచి కథ పూర్తయ్యాక ఒక పని చేస్తున్నాను. క్లాసులో ప్రతి పది నిమిషాలకీ "అర్థమైందా?" అంటాం చూడండి, కథలో నేను అలా అడుగుతున్న చోట్లు వెతుకుతాను. ఆ మాట ఎక్కడా కనబడదు, కానీ ఆ గొంతు కనబడుతుంది. చివరి పేరాలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

పీహెచ్‌డీ ఇంకా ప్రమాదం. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైంలో చేశాను. అయిదేళ్లు ఒక్క కథ రాయలేదు. అయిపోయాక కూర్చుంటే తెలుగులో కూడా "గమనించబడింది", "పరిశీలించబడింది" అని వచ్చేవి. ఎవరు గమనించారమ్మా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీకు ఇంకా పీహెచ్‌డీ కాకపోతే, రెండూ ఒకేసారి అని పట్టుపట్టకండి. కొందరికి కుదురుతుందేమో, నాకు కుదరలేదు.

ఈ ఉద్యోగం తీసుకోవడమే తప్ప ఇవ్వదని అనుకోకండి. అరవై మంది ఉన్న సెక్షన్లో పలాస నుంచి వచ్చినవాడు, పాలకొల్లు నుంచి వచ్చినవాడు, మాచర్ల నుంచి వచ్చినవాడు ఒకే బెంచీలో కూర్చుంటారు. వైవాలో భయంతో నోరు తడబడినప్పుడు ఒక్కొక్కడిలో ఇంటి భాష బయటికొస్తుంది. సంభాషణ రాయడం నేను అక్కడే నేర్చుకున్నాను. ల్యాబ్ కూడా అంతే. యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్ మీద మైల్డ్ స్టీల్ కడ్డీని లాగుతాం. ఈల్డ్ పాయింట్ దగ్గర, అంటే కడ్డీ లొంగిపోయి సాగడం మొదలయ్యే చోట, మీటరు ముల్లు తటపటాయిస్తుంది, తర్వాత ఒకచోట మెడలా సన్నబడి ఠప్పున తెగుతుంది. ముక్కని వెంటనే ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. నేను ముట్టుకోమంటాను. రీడింగులు రాసుకోవడంలో పడి చాలామంది ముట్టుకోరు. వేళ్లు చాచి ముట్టుకున్నవాళ్ల మొహాలు గుర్తుంటాయి నాకు, మార్కులు గుర్తుండవు.

ఇక్కడే ఒక తప్పు కూడా చేశాను. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65కి పైన ఉంటే కాండొనేషన్, అంటే మన్నింపు, అంతకన్నా తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్షకి కూర్చోనివ్వరు. అలా డిటెయిన్ అయిన ఒక అబ్బాయి మీద కథ రాశాను. పేరు మార్చాను, బ్రాంచి మార్చాను, ఊరు మార్చాను. కానీ రికార్డుకి పెళ్లి శుభలేఖల అట్టతో కవరు వేసుకునే అలవాటు మాత్రం ఉంచేశాను, అది బాగుందని. కథ వచ్చిన వారానికి స్టాఫ్ రూం బయట నిలబడ్డాడు. "మేడమ్, అది నేనేగా?" అన్నాడు. కోపంగా అనలేదు. "మా నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారు మేడమ్, అందుకని అట్టలు తెస్తారు. ఆయన కూడా చదివారు" అన్నాడు. నేనేం అన్నానో సరిగ్గా గుర్తులేదు, సారీ చెప్పాననే అనుకుంటున్నాను. క్యాంపస్‌లో ఉన్న పిల్లల మీద ఇప్పుడు రాయను. వాళ్లు వెళ్లిపోయి నాలుగైదేళ్లయ్యాక కూడా, నాకు బాగా నచ్చిన వివరం ఏదైతే ఉందో అదే ముందు తీసేస్తాను. వాల్యుయేషన్లో పేపర్ల చివర పిల్లలు రాసే ఉత్తరాలు, అక్క పెళ్లి ఉంది పాస్ చేయండి లాంటివి, వాటి జోలికి అసలే పోను. దిద్దమని నా చేతికొచ్చిన కాగితం కథకి ముడిసరుకు కాదు.

చిన్న సంగతులు రెండు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో వేరే పని చేయకూడదనే షరతు ఉందేమో చూసుకోండి. నాకు ఉంది, ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇచ్చి రిసీవ్డ్ అని సంతకం పెట్టించుకున్నాను. రెండోది, మన అప్రైజల్ ఫారంలో కథలకి పాయింట్లు రావు. ఒక ఏడాది "ఇతర విజయాలు" గడిలో రాస్తే హెచ్‌ఓడీ గారు ఇది స్కోపస్‌లో, అంటే పరిశోధన పత్రికల జాబితాలో, ఉందామ్మా అని అడిగారు. నిజంగానే అడిగారు, వెటకారం కాదు.

మానేయడం గురించి. నాకు ఒక కథకి వచ్చిన అతి పెద్ద పారితోషికం రెండు వేలు, అదీ ఎనిమిది నెలల తర్వాత. వెబ్ పత్రికల్లో వచ్చినవాటికి అది కూడా లేదు. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేస్తూనే కథలు రాశారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టిన మనిషి, ఆయన కథలు మాత్రం పెద్ద సంఖ్యలో లేవు. మన పక్క నుంచి చూస్తే వేమూరి వేంకటేశ్వరరావు గారు అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరుగా ఉంటూ తెలుగులో కథలూ, సైన్సు రచనలూ చేశారు. ఆ స్థాయి నాది కాదు, కానీ జీతం ఆగితే రాత వేగం పెరుగుతుందని నాకైతే నమ్మకం లేదు. ఈఎంఐ కోసం రాసే కథలో అవుట్‌కమ్ ఇంకా గట్టిగా వినబడుతుంది.

రాసుకోవడానికి మీకు ఏ వేళ కుదురుతుందో నేను చెప్పలేను. ఇక్కడ రెండో మిడ్లు మొదలయ్యాయి, ఎర్రపెన్ను పడ్డ వారమే. రాయబోయేది లేదు. కానీ రేపు మధ్యాహ్నం నాకు ఇన్విజిలేషన్ వేశారు. సగంలో ఉన్న కథ మూడో పేజీలో ఒకావిడ కొడుకు హాస్టల్ గది గుమ్మంలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఉండి నెల దాటింది. లోపలికి వచ్చాక ఆవిడ ముందు ఏమంటుందో చూడాలి.