రోబో చెయ్యి నిజంగా మెదడుతో కదులుతుందా? పొలం పని చేసేవాళ్ళకి పనికొస్తుందా?

మీ బావమరిదికి మెషిన్లో పడి కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారని, మెదడుతో కదిలే రోబో చెయ్యి అప్పు చేసైనా పెట్టించవచ్చా అని అడిగారు. నాకూ కుడి చెయ్యి మోచేతి కింద సగం వరకే ఉంది. వైరింగ్ పనులు చేసేవాణ్ణి, ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపు చూసుకుంటున్నాను. కండరాల సిగ్నళ్ళతో కదిలే మయోఎలక్ట్రిక్ చెయ్యి వాడుతున్నాను. అప్పు చేసి మాత్రం వద్దండీ.

మెదడుతో కదులుతుందన్నది సగమే నిజం. వేళ్ళని ముడిచి తెరిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. అరచెయ్యి పోయినా అవి కొంత మిగులుతాయి. పిడికిలి బిగించాలనుకుంటే నాకిప్పటికీ ముంజేతి లోపలి వైపు కండరం గట్టిపడుతుంది. అప్పుడు చర్మం మీద చాలా చిన్న వోల్టేజి పుడుతుంది, గట్టిగా బిగించినా మహా అయితే కొద్ది మిల్లీవోల్టులు. సాకెట్ (మిగిలిన ముంజేతికి తొడుక్కునే గట్టి తొడుగు) లోపల చర్మానికి ఆనుకుని ఉండే ఎలక్ట్రోడ్ దాన్ని పట్టుకుని పెంచుతుంది. అది సెట్ చేసిన స్థాయి దాటితే మోటారు తిరిగి చెయ్యి మూసుకుంటుంది. వెలుపలి వైపు ఇంకో ఎలక్ట్రోడ్ ఉంటుంది, అది తెరవడానికి. ఇంట్లో వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోలలో ఇంత చిన్న సిగ్నల్ మునిగిపోవాలి నిజానికి. అందుకే పక్కపక్కనే రెండు చోట్ల కొలిచి తేడా మాత్రమే తీసుకుంటారు, రెండు చోట్లా ఒకేలా ఉన్న గోల కొట్టుకుపోతుంది. కరెంటు పని తెలిసినవాడిగా నాకు భలే నచ్చిన కిటుకు ఇది.

అసలు చిక్కు వేళ్ళ దగ్గర వస్తుంది. 2007లో ఐ-లింబ్ అనే కృత్రిమ చెయ్యి వచ్చినప్పటి నుంచి ఒక్కో వేలికి ఒక్కో మోటారున్న చేతులు మార్కెట్లో ఉన్నాయి. వీడియోల్లో మీరు చూసినవి అవే. వేళ్ళు ఐదూ విడిగా కదులుతాయి, కానీ మన దగ్గర ఉన్న సిగ్నళ్ళు రెండే. తాళంచెవి పట్టుకునే పట్టు నుంచి గ్లాసు పట్టుకునే పట్టుకి మారాలంటే రెండు కండరాలూ ఒకేసారి బిగించాలి, లేదా ఫోన్లో యాప్ నొక్కాలి. టీ కొట్టు దగ్గర నిలబడి ఇదంతా ఎవరు చేస్తారు? నేను రెండు పట్లతోనే సరిపెట్టుకుంటున్నాను.

దీనికి విరుగుడుగా ముంజేతి చుట్టూ ఎనిమిది దాకా ఎలక్ట్రోడ్లు పెట్టి, ఏ కదలికకి ఏ నమూనా వస్తుందో సాఫ్ట్‌వేర్‌కి నేర్పే పద్ధతి ఉంది. బల్ల ముందు కూర్చుని చేస్తే చక్కగా పనిచేస్తుంది. చెయ్యి పైకెత్తినా, బరువు పట్టుకున్నా, చెమట పట్టినా నమూనా మారి తడబడుతుంది, మళ్ళీ నేర్పాలి.

చెమట అన్నాను కదా, మన ఎండల్లో దానితోనే పెద్ద గొడవ. సాకెట్ జారి ఎలక్ట్రోడ్ చర్మం నుంచి లేస్తే చెయ్యి తన ఇష్టం వచ్చినట్టు చేస్తుంది. ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా చెయ్యి దానంతటదే తెరుచుకుని మజ్జిగ గ్లాసు పక్కాయన పంచె మీద పడేసింది. పైగా పట్టుకున్నది మనకి తెలియదు, కళ్ళతో చూస్తూ ఉండాలి. కాబట్టి వేళ్ళెన్ని కదులుతాయని కాకుండా, సాకెట్ ఎవరు చేస్తున్నారు, వదులైతే మళ్ళీ ఎంతకి చేస్తారు అని అడగండి. మొదటి నెలల్లో, తీసేయగా మిగిలిన చేతి భాగం వాపు తగ్గి సన్నబడుతుంది, మొదటి సాకెట్ వదులవడం మామూలే.

మోచేయి మిగలడం మాత్రం అదృష్టం. అమెరికాలో జెస్సీ సలివాన్ అనే లైన్‌మన్‌కి 2001లో షాక్ కొట్టి రెండు చేతులూ భుజాల దాకా పోయాయి. షికాగోలో టాడ్ కుయికెన్ అనే డాక్టరు బృందం ఆయన చేతి నరాలని ఛాతీ కండరాలకి కలిపింది. చెయ్యి ముయ్యాలనుకుంటే ఛాతీలో కండరం కదులుతుంది, ఎలక్ట్రోడ్లు దాన్ని అక్కడ చదువుతాయి. ఛాతీని తాకితే పోయిన చేతిని తాకినట్టు తెలిసేదట. మీవాడికి అంత ఆపరేషన్ అక్కర్లేదు.

పొలం పనికైతే నా ఓటు కేబుల్‌తో లాగే హుక్కుకే. రెండో భుజానికి పట్టీ ఉంటుంది, భుజం ముందుకి కదిపితే హుక్కు తెరుచుకుంటుంది. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ దుమ్ముకి, బురదకి తట్టుకుంటుంది, ఛార్జింగ్ గొడవ లేదు, కేబుల్ లాగుడుని బట్టి పట్టు కొంత తెలుస్తుంది కూడా. తర్వాత షాపు పనో, ఆఫీసు పనో చూసుకుంటే అప్పుడు మయోఎలక్ట్రిక్ గురించి ఆలోచించవచ్చు. కొనేముందు చర్మం మీద ఎలక్ట్రోడ్లు పెట్టి టెస్ట్ చేయించండి. తెరిచే కండరం, మూసే కండరం స్క్రీన్ మీద విడివిడిగా కదలాలి. రెండూ కలిసే లేస్తుంటే కొన్నాళ్ళు ప్రాక్టీసు చేయించాలి, అప్పటిదాకా అడ్వాన్సు కట్టకండి.

సదరం సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి. ఉచితంగా ఇచ్చే క్యాంపుల్లో వైకల్య ధ్రువపత్రం అడుగుతారు.