ఇస్త్రీ చొక్కా దగ్గర ఆగాల్సింది

అమ్మాయీ,

అలవాట్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకు పడుతూ, రెండోసారి మూడో పేజీలో ఉన్న ఒక్క పేరా కోసం.

రిటైరై ఏడాది దాటినా మీ నాన్నగారు పొద్దున్నే ఐదింటికి లేచి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, వాచీ పెట్టుకుని, జేబుకి పెన్ను తగిలించుకుని వరండాలో కుర్చీలో కూర్చుంటారని రాశావు. ఎక్కడికీ వెళ్లరు. అక్కడ కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. మళ్లీ తీసి చూస్తే తర్వాతి వాక్యం: "దీన్నే అంతర్గత ప్రేరణ అంటారు." ఒళ్లు మండింది.

పని చేయడంలోని ఇష్టం కొద్దీ చేస్తేనే ఆ పేరు, దీన్ని అలా అనరు, అది ఒకటి. అసలు అక్కడ ఏదో ఒకటి అనాల్సిన అవసరం ఏమొచ్చింది?

మనసు గురించి రాసేవాళ్లకి ఉన్న జబ్బే ఇది. పేరు పెట్టగానే అర్థమైపోయిందనుకుంటాం. పిల్లాడు ఎందుకు చదవడం లేదు? ప్రేరణ లేక. ప్రేరణ లేదని ఎలా తెలిసింది? చదవడం లేదుగా! గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం. ఏకాగ్రత, సంకల్పబలం అనే మాటలతోనూ ఇదే తంతు. ఎవరు ఏం చేశారో ముందు రాయి. ఏం మారిస్తే ఆ పని ఆగిందో, ఏం మార్చినా ఆగలేదో రాయి. పేరు ఆఖర్న, అదీ తప్పకపోతేనే. ఈ మాట ఎవరు కనబడినా చెప్పి విసిగిస్తూ ఉంటాను, ఇవాళ నీ వంతు.

మీ నాన్నగారి పేరా పక్కన పెట్టదగ్గ ప్రయోగం ఒకటుంది. కేంబ్రిడ్జిలో ఆడమ్స్, డికిన్సన్ అనే ఇద్దరు 1980ల మొదట్లో చేసిన పని. ఎలుక మీట నొక్కితే తీపి గుళిక వస్తుంది. నొక్కడం బాగా వచ్చాక, మీట లేని చోట అవే గుళికలు తినిపించి, లిథియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో కడుపులో తిప్పుతుంది. ఇక ఆ గుళికంటేనే ఎలుకకి అసహ్యం, ముందు పెట్టినా ముట్టదు. ఇప్పుడు మళ్లీ మీట దగ్గర వదులుతారు. ఈసారి నొక్కినా గుళికలేం రావు, అది నొక్కుతుందా లేదా అని చూడటమే. నొక్కడం తగ్గిస్తే అప్పటిదాకా గుళిక కోసం నొక్కినట్టు. లక్ష్యం కోసం చేసే పని అంటే అదీ. తగ్గించకపోతే కాలు దాని పాటికది పోతున్నట్టు. 1982లో ఆడమ్స్ ఒక్కడే ప్రచురించిన ఫలితం చూడు. అంతకుముందు 100 సార్లు నొక్కి తిన్న ఎలుకలు తగ్గించేశాయి. 500 సార్లు నొక్కినవి మాత్రం నొక్కుతూనే ఉన్నాయి. తినని గుళిక కోసం!

మీ నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎన్ని వేల చొక్కాలు ఇస్త్రీ చేసుకుని ఉంటారు? నువ్వు రాయాల్సింది ఆ లెక్క. ఆయన్ని ఎలుకతో పోల్చానని కోప్పడకు. నేనూ అలాంటివాణ్ణే, పత్రిక మూతపడ్డాక కూడా ఆరు నెలలు గురువారం రాత్రి కాలమ్ కోసం కాగితాలు సర్దుకుని కూర్చున్నాను.

ఇంక నీ 21 రోజులు. అలవాటు పడటానికి 21 రోజులు చాలని ఎంత ధీమాగా రాశావు! 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. దారిలో ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. 2010లో లండన్ పరిశోధకులు 96 మందికి తలా ఒక చిన్న అలవాటు ఎంచుకోమని వెంటబడి చూస్తే, ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 దాకా పట్టొచ్చని అంచనా తేలింది. మధ్య లెక్క 66. చూస్తూ ఉండు, "66 రోజుల్లో మీ జీవితం" అని ఎవరో ఒకరు శీర్షిక పెడతారు. ఒకసారి నా వ్యాసంలోంచి ప్రయోగమంతా స్థలాభావం పేరుతో కోసేసి, నేను రాయని ఏడు చిట్కాలు చేర్చి అచ్చేసిన సంపాదకుడొకాయన ఉన్నాడు. ఆ చిట్కాలకి మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. ఆ ఉక్రోషం నాకింకా తగ్గలేదు.

నేను మొదటినుంచీ జాగ్రత్తగా రాశాననీ అనుకోకు. 1998లో బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అప్పుడే కాల్చిన బిస్కెట్ల వాసన వస్తున్న గదిలో కొందరిని కూర్చోబెట్టి, వాటిని ముట్టకుండా ముల్లంగి తినమంది. తర్వాత జవాబే లేని పజిల్ ఇస్తే వాళ్లు 8 నిమిషాల్లో వదిలేశారు, బిస్కెట్లు తిన్నవాళ్లు 19 నిమిషాలు కుస్తీ పట్టారు. నేను పొంగిపోయి "సంకల్పబలం ట్యాంకులో పెట్రోలు లాంటిది, వాడేకొద్దీ ఖర్చవుతుంది" అని రాసేశాను. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, వేరే పనితో, రెండు వేల మందికి పైగా జనం మీద ఆ సిద్ధాంతాన్ని పరీక్షిస్తే తేడా దాదాపు సున్నా. నా పెట్రోలు ఆవిరైపోయింది. ఆ గదిలో వాళ్లు ఏం చేశారో అంతవరకే రాసి ఊరుకుని ఉంటే, నా పేరా ఇవాళ్టికీ నిలబడేది. ఎందుకంటే వాళ్లు చేసింది చేసిందే కదా.

ఏకాగ్రత మీద రాసిన రెండు పేజీలూ కొట్టెయ్. నువ్వడిగిన మిగతా ప్రశ్నలు, పబ్లిషర్ల సంగతీ అదీ, ఇంకోసారి చూద్దాం.

నాన్నగారి పేరా మటుకు మళ్లీ రాయి. అంతర్గత ప్రేరణ వాక్యం తీసేశాక ఒక ఖాళీ కనబడుతుంది. గబుక్కున "అలవాటు" అని రాసి దాన్ని పూడ్చెయ్యకు, అదీ ఇంకో పేరే. వీధిలో పోయేవాళ్లు పలకరిస్తే బాగుంటుందని ఆయన అలా తయారవుతున్నారేమో! అదైతే లక్ష్యం ఇంకా బతికే ఉన్నట్టు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు కాదని రెండో పేజీలో నువ్వే రాశావు. ఇప్పుడు ఆదివారం ఏం వేసుకుంటున్నారు? ఆయన్ని అడక్కు, అడిగితే మానేస్తారు. ఊరికే చూసి రాయి.