'రెండేళ్లు చూద్దాం' అంటే కుదరదు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది నల్గొండ, మావారిది పాలకొల్లు. మియాపూర్‌లో సొంత ఫ్లాట్, ఇంకా లోన్ ఉంది. మావారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని, జీతం 28 వేలు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడు. మామగారు పోయాక అత్తగారు ఒక్కరే ఉంటున్నారు. సంక్రాంతికి వెళ్లొచ్చినప్పటి నుంచి మావారు 'ఊరెళ్లిపోదాం, నేను ఇంటి నుంచే పని చేసుకుంటాను, నువ్వు డీఎస్సీ రాసుకో. రెండేళ్లు చూసి, నచ్చకపోతే వచ్చేద్దాం' అంటున్నారు. ఫ్లాట్ అమ్మగా మిగిలింది వాళ్ల బావగారి రొయ్యల చెరువుల్లో పెడతారట. వద్దంటే అత్తగారిని చూసుకోవడం నాకిష్టం లేదనుకుంటారు. ఏం చెయ్యను?

జవాబు: ముందు ఆ 'రెండేళ్లు చూద్దాం' సంగతి తేల్చండి. మూడో తరగతి బాబుతో రెండేళ్లు చూడొచ్చు. తొమ్మిదిలోకి వెళ్లే పాపతో కుదరదు. రెండు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్, మెడిసిన్ కన్వీనర్ కోటాలో కనీసం 85 శాతం సీట్లు స్థానికులవి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరసగా ఎక్కడ చదివితే అక్కడి లోకల్. ఉమ్మడి అడ్మిషన్లకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల వెసులుబాటు 2024 జూన్ 2తో అయిపోయింది. మెడిసిన్‌కి తెలంగాణ పెట్టిన ఈ నాలుగేళ్ల షరతును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. జూన్‌లో పాపను పాలకొల్లులో చేర్చి, పదయ్యాక మళ్లీ మియాపూర్ తెచ్చారనుకోండి, ఆ పిల్ల రెంటికీ చెడిన రేవడి అవుతుంది. కాబట్టి వెళ్తే నాలుగేళ్లకని వెళ్లాలి, లేదా ఇంటర్ అయ్యేదాకా ఆగాలి. మీవారికి బహుశా ఇది తట్టి ఉండదు. ముందు ఈ ఒక్క విషయమే చెప్పండి. ఇందులో అత్తగారి ఊసు లేదు కాబట్టి గొడవకు తావుండదు.

ఇక ఉద్యోగాలు. ఆయన ఉద్యోగం ల్యాప్‌టాప్‌తో పాటు సంచిలో వచ్చేస్తుంది, మీది ఇక్కడే ఉండిపోతుంది. డీఎస్సీ అనుకున్నంత తేలిక కాదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డ మాట నిజమే గానీ అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. పైగా మీ స్కూలు చదువంతా నల్గొండలోనే అయితే పశ్చిమ గోదావరిలో మీరు నాన్‌లోకల్. స్థానికులకు పోగా మిగిలిన కాసిని పోస్టులకు అందరితో పోటీ పడాలి. మిగిలేవి ప్రైవేటు స్కూళ్లు. ఇప్పుడొచ్చే దాంట్లో సగం ఇస్తామన్నా ఆశ్చర్యపోకండి. ఏప్రిల్, మే ఎండల్లో అడ్మిషన్ల కోసం కరపత్రాలిచ్చి ఇంటింటికీ తిప్పే స్కూళ్లూ ఉంటాయి. పదో తరగతి లెక్కల ట్యూషన్‌కి గిరాకీ ఉంటుంది, కాదనను. కానీ మీ పేరు నలుగురికీ తెలియడానికి ఒకటి రెండు విద్యా సంవత్సరాలు పడుతుంది. ఈలోగా గ్యాస్ బండకీ, బాబు చెప్పులకీ మీవారిని డబ్బులడగాలి, అదీ అత్తగారి ఎదురుగా. పదేళ్లకు పైగా సొంత ఏటీఎం కార్డు వాడుకున్న మనిషికి ఇది చిన్న మార్పు కాదు. ఈ మాట మీ ఉత్తరంలో లేదు, బహుశా రాయడానికి మొహమాటపడ్డారు.

మీవారి ఉద్యోగం కూడా అంత భరోసాగా ఏమీ లేదు. మేనేజరు నోటితో సరేనంటే అది అనుమతి కాదు. ఆ మేనేజరు మారితే మాటా మారుతుంది. ఎన్నాళ్లకు, జీతం తగ్గిస్తారా, వెనక్కి పిలిస్తే ఎంత గడువిస్తారు అన్నవి హెచ్ఆర్ నుంచి మెయిల్‌లో రావాలి. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే సాయంత్రం పాలకొల్లులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి హైదరాబాద్‌లో దిగి, అటునుంచి అటే డ్యూటీకి పోవాలి. ఒకసారైతే సరదాగానే ఉంటుంది.

రొయ్యల మాట చదివి మాత్రం నాకు భయమేసింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల రైతులు ఎంత నలిగారో ఆ బావగారినే అడగండి. వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వస్తే చెరువు చెరువంతా రోజుల్లో పోతుంది. ఆయన మంచివారే అయి ఉంటారు, వైట్‌స్పాట్‌కి ఆ సంగతి తెలియదు కదా. ఊరు వెళ్లినా వెళ్లకపోయినా ఫ్లాట్ అమ్మొద్దు. అద్దెకివ్వండి. అమ్మితే మళ్లీ అదే చోట కొనే శక్తి మీ ఇద్దరి జీతాలకూ ఉండకపోవచ్చు.

పాలకొల్లు బతుకు చెడ్డదని నేననను. బాబు సైకిల్ మీద స్కూలుకెళ్తాడు, ట్రాఫిక్‌లో పోయే గంటలు మీవారికి మిగులుతాయి, చేపల కూరకు లోటుండదు. మీ నల్గొండ యాసను చూసి నవ్వేవాళ్లు కొన్నాళ్లకు వాళ్లే మానేస్తారు. కానీ మీవారు చూసొచ్చింది సంక్రాంతి పాలకొల్లు. పండగ లేనప్పుడు, మే నెల దాటకుండా ఆయన్ను ఓసారి వెళ్లమనండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద, కేబుల్ ఇంటర్నెట్‌తో ఆఫీసు కాల్ మాట్లాడి చూడమనండి.

కంపెనీ మెయిలూ, మీకు అక్కడ ఖాయమైన ఉద్యోగమూ మే నెలాఖరులోగా చేతిలో ఉంటే జూన్‌లో వెళ్లండి, నాలుగేళ్లకని గట్టిగా అనుకునే వెళ్లండి. లేకపోతే పాప ఇంటర్ అయ్యేదాకా హైదరాబాద్‌లోనే ఉండండి. మీవారు నెలకో వారం వెళ్లి తల్లి దగ్గర ఉండొచ్చు. ఉన్నదున్నట్టు చూస్తే నాకు రెండోదే సబబనిపిస్తోంది.

మరొకటి. బావగారి చెరువులు అక్కడే ఉన్నాయంటే మీ ఆడపడుచు కూడా ఆ చుట్టుపక్కలే ఉండాలి కదా? ఆవిడ ప్రస్తావనే లేదు. అసలు అత్తగారు ఏమంటున్నారో కూడా మీరు రాయలేదు. ఆవిడకు మీరే ఫోన్ చెయ్యండి. 'మేం వచ్చేస్తే ఎలా ఉంటుంది' అని అడిగితే ఏ తల్లయినా రమ్మనే అంటుంది. 'రోజులో మీకు ఎప్పుడు కష్టంగా ఉంటోంది అత్తయ్యా' అని అడగండి. రాత్రిళ్లు ఒంటరిగా పడుకోవడం భయమైతే తోడుకు మనిషిని కుదర్చవచ్చు, మందులు మర్చిపోతుంటే మీ ఆడపడుచు రోజూ ఓసారి వచ్చి చూసిపోవచ్చు. కొడుకు కళ్లెదుట ఉండాలన్నదే ఆవిడ కోరికైతే, హైదరాబాద్ వచ్చి ఉంటారేమో అదీ అడగండి. ఇల్లు వదిలి రానంటే బలవంతం చెయ్యకండి.