మంచు పువ్వుల క్విల్టింగ్: కింద దారం ఉండలు కడుతుంటే

కుట్టు మిషన్ మీద ఫ్రీ మోషన్‌లో (గుడ్డను చేత్తోనే కదుపుతూ) మంచు పువ్వులు క్విల్ట్ చేస్తుంటే పైన కుట్టు బాగానే ఉంది, తిప్పి చూస్తే దారం ఉండలు కడుతోంది అన్నారు. బాబిన్‌ని (కింద దారం చుట్టిన చిన్న రీలు) కదపకండి. ఎక్కువగా పై దారానికి టెన్షన్ (బిగువు) అందకపోతేనే ఇలా అవుతుంది.

చాలామంది మర్చిపోయేది ఫుట్ (సూది దగ్గర గుడ్డ మీదికి దిగే పాదం) లివర్ దించడం. ఫ్రీ మోషన్ ఫుట్ దించినా గుడ్డను గట్టిగా నొక్కదు, కాబట్టి పైకి ఉన్నా దించినట్టే కనిపిస్తుంది. లివర్ పైనుంటే టెన్షన్ డిస్కులు (పై దారాన్ని నొక్కి బిగువుగా ఉంచే బిళ్ళలు) తెరిచే ఉంటాయి, పై దారం వదులుగా కిందికి జారిపోతుంది. చేత్తో తడిమి చూసుకోవడమే మేలు.

1. లివర్ ఎత్తి, పై దారం మొదటి నుంచి మళ్ళీ ఎక్కించండి. దించి ఎక్కిస్తే దారం డిస్కుల మధ్యకి దిగదు.
2. లివర్ దించండి.
3. మిషన్ పక్కనున్న చేతి చక్రం ఒక చుట్టు తిప్పి బాబిన్ దారం పైకి లాగండి. రెండు కొసలూ పట్టుకుని మొదలుపెట్టండి.

పువ్వు కొసల దగ్గర మాత్రమే కింద వదులుగా వస్తోందా? అది చేతి విసురు. కొసలో ఒక్క కుట్టు నిలిపి, అదే గీత మీద వెనక్కి రండి.

అప్పటికీ తగ్గకపోతేనే పై టెన్షన్ కొంచెం పెంచండి. ముందు అదే బ్యాటింగ్ (క్విల్ట్ మధ్య మెత్తటి పొర) పెట్టిన చిన్న ముక్క మీద చూడండి.