మొదటి హెలికాప్టర్‌కి ఫిక్స్‌డ్ పిచ్ చాలు

తక్కువ బడ్జెట్‌లో మొదటి ఎలక్ట్రిక్ ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) హెలికాప్టర్, కో-యాక్సియల్ (ఒకదానిపై ఒకటి రెండు రోటర్లు) కొనాలా, కలెక్టివ్ పిచ్ (బ్లేడ్లన్నిటి వాలును ఒకేసారి మార్చగలిగేది) కొనాలా అని ఒకరు అడిగారు. నా ఓటు రెండింటికీ కాదు. ఒకే మెయిన్ రోటర్ (పైన తిరిగే బ్లేడ్లు), ఫిక్స్‌డ్ పిచ్ (వాలు అలా మార్చలేనిది, రోటర్ వేగంతోనే పైకీ కిందకీ వెళ్తుంది), 4 ఛానెళ్లు (పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ, తిరగడానికీ విడివిడి కంట్రోళ్లు), గైరో (తోకను నిలకడగా ఉంచే సెన్సర్) ఉన్న చిన్న మోడల్ చూడండి.

కో-యాక్సియల్‌లో రెండు రోటర్లు ఎదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి నిలకడగానే ఉంటుంది. కానీ కాస్త గాలి వీస్తే మాట వినదు, త్వరగా బోర్ కూడా కొడుతుంది. కలెక్టివ్ పిచ్ తలకిందులుగా కూడా ఎగురుతుంది గానీ, ఒక్కసారి పడితే బ్లేడ్లు, షాఫ్ట్, గేరు అన్నీ కలిసి పోవచ్చు. ఇక మామూలు 3 ఛానెళ్ల బొమ్మలు పక్కకి జరగలేవు, వాటి జోలికి వెళ్లకండి.

డబ్బంతా హెలికాప్టర్ మీదే పెట్టేయొద్దు. బ్లేడ్లు, టెయిల్ మోటర్ విడిగా దొరక్కపోతే ఎంత చవకైనా దండగే (ఇది మాత్రం కొనేముందే చూసుకోండి). అదనంగా ఒకట్రెండు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు తీసుకోండి. ఎగరేశాక చల్లారనిచ్చి చార్జ్ చేయండి. చాలా రోజులు పక్కన పెట్టేటట్లయితే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

మొదట్లో తోక మీవైపు ఉండేలా హోవర్ చేయడమే (గాల్లో ఒకేచోట నిలపడం) నేర్చుకోండి. పడేలా అనిపిస్తే వెంటనే థ్రాటిల్ (మోటర్ వేగం) పూర్తిగా తగ్గించేయండి, ఆగిన బ్లేడు అంత తేలిగ్గా విరగదు.