హైవేకు పోయిన భూమిలో మిగిలిన ముక్క తిరిగి మనకే ఇస్తారా?

తాతగారి చెలక హైవే కింద పోయింది, అందులో కొన్ని గుంటలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి, సర్కారు వాటిని మాకే ఇస్తుందా లేక అమ్ముకుంటుందా అని అడిగారు. మాదీ చిట్యాల దగ్గరే, విజయవాడ రోడ్డు పక్కన. ఇలాంటి ముక్క కోసమే మా నాయనతో కలిసి ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగాను.

ముందే చెప్తున్నా, ఆశ పెట్టుకోకండి. 1956 జాతీయ రహదారుల చట్టం ప్రకారం 3డి నోటిఫికేషన్ (భూమి తీసుకున్నట్టు చేసే తుది ప్రకటన) గెజిట్‌లో పడిందంటే భూమి కేంద్రానిదైపోయినట్టే. అక్కడ తారు పోశారా, తుమ్మచెట్లు మొలిచాయా అన్నదాంతో పని లేదు. 1997కు ముందు తీసుకున్నదైతే అది పాత 1894 భూసేకరణ చట్టం కింద తీసుకుని ఉంటారు. స్వాధీనం అయిపోతే అక్కడా ఇదే కథ.

మరి మిగిలింది ఏం చేస్తారు? కేరళలో హైవేకు తీసుకున్న ఒక భూమి మీద సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. వాడగా మిగిలినదాన్ని ఇంకో ప్రజా అవసరానికి వాడాలి, అదీ లేకపోతే బహిరంగ వేలం వేయాలి, పాత యజమానికి కట్టబెట్టకూడదు. వినడానికి మనకు చేదుగానే ఉంటుంది. కానీ పాత రేటుకు తిరిగిచ్చే దారే ఉంటే, అది మీకూ నాకూ కాదు, పలుకుబడి ఉన్నవాళ్లకే పనికొచ్చేది.

వాట్సాప్‌లో తిరిగే '5 ఏళ్లు వాడకపోతే వాపస్' అన్నది 2013 భూసేకరణ చట్టంలోని 101వ సెక్షన్. అందులో కూడా పాత యజమానికి గానీ, ప్రభుత్వ భూమి బ్యాంకుకు గానీ అని ఉంది. పైగా జాతీయ రహదారుల చట్టాన్ని ఆ చట్టం నాలుగో షెడ్యూల్‌లో, అంటే తనకు వర్తించని చట్టాల జాబితాలో పెట్టి పక్కన ఉంచారు. 2015లో పరిహారం, పునరావాసం నియమాలను మాత్రం దీనికీ వర్తింపజేశారు. వాపస్ సంగతి అందులో లేదు.

నిజానికి హైవే వాళ్లు ఏ ముక్కనూ 'మిగులు' అని ఒప్పుకోరు. సర్వీస్ రోడ్డు, బస్ బే, డ్రైనేజీ, కేబుళ్లు, చెట్లు, ఏదో ఒకటి చెబుతారు. మా రోడ్డుకైతే ఇప్పుడు ఆరు లైన్ల మాట నడుస్తోంది. మా వైపు వేలం వేసిన ముక్క నేనైతే ఒక్కటీ చూడలేదు.

అయితే మీరు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఆ ఖాళీ ముక్క అసలు అవార్డులో, అంటే ఎంత భూమికి ఎంత పరిహారమో తేల్చిన ఆర్డరులో ఉందా? మాకు పనికొచ్చింది ఇదే. సర్వీస్ రోడ్డుకు ఇవతల ఉన్న కొంత జాగా హైవేదేనని ఊరంతా అనుకునేవారు, మేకలు మేపుకునేవారు. సర్వేయర్ టీపన్ (పాత సర్వే కొలతల పటం) పట్టుకుని కొలిస్తే, హైవే హద్దు రాయి తంగేడు పొదలో కనబడింది, రోడ్డు వైపు చాలా లోపలికి. రాయికి ఇవతలది అవార్డులో లేనే లేదు, పట్టా మాదే. సర్వే నంబరును విడగొట్టకుండా వదిలేయడం వల్ల వచ్చిన తికమక అది. దీనికి తలకిందులుగా కూడా జరగొచ్చు. పాస్‌బుక్‌లో విస్తీర్ణం తగ్గించక, పోయిన భూమి ఇంకా మీ పేరునే కనిపిస్తుంటుంది. దాన్ని చూసి మురిసిపోయి అమ్మితే కేసవుతుంది.

కాబట్టి ముందు ఆర్టీఐ కింద 3ఏ (భూమి తీసుకోబోతున్నామని చెప్పే మొదటి ప్రకటన), 3డి గెజిట్లు, అవార్డు కాపీ, మీ సర్వే నంబరు వరకు భూసేకరణ ప్లాను అడగండి. ఆర్డీవో ఆఫీసుకూ, హైవే అథారిటీ ప్రాజెక్టు ఆఫీసుకూ రెండింటికీ పెట్టండి, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. తర్వాత మండల సర్వేయర్‌తో కొలిపించండి. ముక్క మీదేనని తేలినా, దాని మీద నుంచి హైవేకు దారి తీయాలంటే జాతీయ రహదారుల నియంత్రణకు తెచ్చిన 2002 చట్టం కింద వేరే పర్మిషన్ కావాలి. హోటలో, పెట్రోల్ బంకో పెడదామనుకుంటే ఆ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.