‘వాడు కొడతా ఉండాడు మా’ అంటున్నాడు నాయన

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. నాయనకు 79 ఏళ్లు, బతుకంతా వరి సేద్యమే. అమ్మ పోయినప్పటి నుంచి నెల్లూరులో నా దగ్గరే ఉంటున్నాడు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని డాక్టర్ తేల్చి రెండేళ్లయింది. నేను, మా ఆయన ఉద్యోగాలకు పోతాం. పగలు మా అత్తయ్య కనిపెట్టుకుని ఉంటుంది. స్నానానికీ బట్టలు మార్చడానికీ ఏజెన్సీ నుంచి అటెండర్ పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట వచ్చిపోతాడు. నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. ఇప్పుడొచ్చే అబ్బాయిని చూస్తేనే నాయన ‘వాడు కొడతా ఉండాడు మా’ అని నా చెయ్యి పట్టుకుంటున్నాడు. మొన్న మోచేతి పైన కమిలిన మచ్చ చూశాను. ఏజెన్సీ వాళ్లు ‘మావాడు అలాంటోడు కాదు’ అంటారు. బెంగళూరులో ఉన్న అన్న ‘జబ్బు మనిషి మాట పట్టుకుని ఉన్నోణ్ణి కూడా పోగొట్టుకోవద్దు’ అంటాడు. ఎవర్ని నమ్మాలి? నేనే ఉద్యోగం మానుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ మచ్చ సంగతి చూడండి. ఈ వయసులో చర్మం పలచబడుతుంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చిన్న తాకుడుకే కములుతుంది. ముంజేతి మీదో, చేతి వెనకో అయితే తలుపుకో మంచం కోడుకో తగిలిందేమో అనుకోవచ్చు. భుజానికీ మోచేతికీ మధ్య, లోపలి వైపు, వేళ్లు పడ్డట్టు వరసగా ఉంటే మాత్రం ఎవరో గట్టిగా పట్టుకుని లాగారేమో అని అనుమానించాలి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసి, తేదీ రాసుకుని, ఈ రెండు రోజుల్లోనే డాక్టర్‌కు చూపించండి. సంగతి తేలేదాకా ఆ అబ్బాయితో నాయనను మూసిన తలుపు వెనక ఒంటరిగా వదలొద్దు. పొద్దున పూట మీరో మీ ఆయనో దగ్గరే నిలబడండి. కొట్టాడనే తేలితే ఇక మొహమాటం లేదు. ఆ రోజే మాన్పించి, ఏజెన్సీకి రాతపూర్వకంగా ఇచ్చి, పోలీసులకూ చెప్పండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే ఉచిత నంబరు ఉంది, దానికీ చెప్పవచ్చు.

ఇక మీ అన్న మాట. ఆయనతో నేను సగమే ఏకీభవిస్తాను. డిమెన్షియా ఉన్న మనిషి చెప్పింది జరిగింది జరిగినట్టుగా ఉండకపోవచ్చు, కానీ చాలాసార్లు దాని వెనక ఏదో ఒకటి ఉంటుంది. మా అత్తగారు ‘నాకు అన్నం పెట్టట్లేదు’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కంచం చూపించి మరీ నవ్వుకునేవాళ్లం. పళ్ల సెట్టు వదులై నమలలేక వదిలేస్తోందని పది రోజులకు గానీ మాకు బుర్రకెక్కలేదు. పెట్టట్లేదన్నది తప్పే, ఆకలి మాత్రం నిజం.

మీ నాయన విషయంలో నా అనుమానం స్నానాల గది మీద ఉంది. ఆయన బతుకంతా సాయంత్రం పొలం నుంచి వచ్చి మోటారు తొట్టి దగ్గర తనంతట తాను పోసుకున్న మనిషి అయ్యుంటాడు. ఇప్పుడు పొద్దున్నే, ఇరుకు గదిలో, ముక్కూమొహం తెలియని కుర్రాడు పంచె విప్పదీసి నెత్తిన మగ్గుడు నీళ్లు గుమ్మరిస్తాడు. ఏం జరగబోతోందో ముందు తెలియదు, తెలిసినా గుర్తుండదు. ఆ తాకిడి ఆయనకు దెబ్బే. విదిలించుకుంటాడు, వీడు పట్టుకుంటాడు. ఆ కుర్రాడు రాక్షసుడు కాకపోవచ్చు, వాడికి తర్వాతి ఇంటికి పోయే తొందర.

అందుకని కొన్ని మార్చి చూడండి. స్నానం సాయంత్రానికి పెట్టి, సాయంత్రం రెండు గంటలు, పొద్దున ఒక గంట చేయమని ఏజెన్సీని అడగండి. రోజూ తలారా పోయాల్సిన పని లేదు, రోజు మార్చి రోజు చాలు, మిగతా రోజుల్లో తడిగుడ్డతో తుడవవచ్చు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒడిలో తువ్వాలు కప్పి, గోరువెచ్చని నీళ్లు ముందు పాదాల మీద పోయాలి. మగ్గు ఒకసారి ఆయన చేతికే ఇవ్వండి, ఆ చేతులకు పని గుర్తుండే ఉంటుంది. వచ్చిన మనిషి వచ్చినట్టే పనిలో దిగకుండా ఐదు నిమిషాలు పక్కన కూర్చుని వడ్ల సంగతి మాట్లాడించమనండి. మొలగొలుకులు ఎకరాకు ఎన్ని పుట్లు అయ్యేవని అడిగితే మీ నాయన ఇప్పటికీ చెప్పగలడేమో చూడండి. పొద్దున తిన్నది పోయినా పాత లెక్కలు చాలామందిలో చాన్నాళ్లు నిలుస్తాయి.

పొద్దుగూకే వేళ కంగారు ఎక్కువయ్యేవాళ్లు ఈ జబ్బులో చాలామంది. మీ నాయన కూడా ‘కళ్లంలో వడ్లు తడుస్తాయి, నేను పోవాల’ అని లేస్తుంటే, ‘కళ్లమూ లేదు, వడ్లూ లేవు’ అని వాదించొద్దని ఆ అబ్బాయికీ అత్తయ్యకూ చెప్పండి. ‘పట్టలు కప్పేశాం నాయనా’ అంటే సరిపోతుంది. అబద్ధం చెప్పామే అని బాధపడకండి.

ఇదంతా ఒక నోటుపుస్తకంలో రాసి గుమ్మం దగ్గర పెట్టండి. ఏం తిన్నాడు, ఎప్పుడు చిరాకుపడ్డాడు, ఒంటి మీద కొత్త మచ్చ ఉందా, వచ్చినవాళ్లు రెండు ముక్కలు రాసిపోవాలి. మనిషి మారినా పుస్తకం ఉంటుంది. అయినా నాలుగు నెలల్లో ముగ్గురు మారడం మంచిది కాదు. కనీసం ఆరు నెలలు ఒకే మనిషిని పంపాలని, మారిస్తే పాతవాడు కొత్తవాడితో రెండు రోజులు కలిసి రావాలని గట్టిగా అడగండి. మాత్రలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మీరో అత్తయ్యో వేయండి. ‘గోల చేస్తున్నాడు, నిద్రమాత్ర వేద్దాం’ అనే సలహా ఎవరిచ్చినా డాక్టర్ చెప్పనిదే వినొద్దు, ఆ మగతలోనే పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఈ భయం ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో మొదలై ఉంటే మూత్ర పరీక్ష కూడా చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లు ఇలాగే తారుమారవుతారు, మందు వాడితే చాలావరకు సర్దుకుంటారు.

కెమెరా పెట్టాలనిపిస్తే హాల్లో పెట్టండి, ఆ అబ్బాయికి చెప్పే పెట్టండి. స్నానాల గదిలో వద్దు, మీ నాయన మానం ఆయనకు ఇంకా ఉంది.

ఉద్యోగం మానొద్దు. రాత్రిళ్లు ఎలాగూ మీరే చూస్తున్నారు, పగలు కూడా మీరే అయితే ఆర్నెల్లు తిరక్కుండా మీరు మంచమెక్కుతారు. అన్నను డబ్బు పంపితే చాలనుకోనివ్వొద్దు. కొత్త పద్ధతి మొదలుపెట్టే వారం సెలవు పెట్టి రమ్మనండి, స్నానం దగ్గర నిలబడమనండి. ఈ ఆదివారం మాత్రం అటెండర్‌ను రావద్దని చెప్పి, మీ ఆయన సాయంతో సాయంత్రం మీరే పోసి చూడండి. ఏ క్షణంలో నాయన ఉలిక్కిపడ్డాడో గమనించి నాకు మళ్లీ రాయండి.